మింటికెక్కిన టెలిఫోను

పల్లెటూళ్ళలో వేసవి రాత్రులు ఆరుబయట మంచము వేసికొని పరుండెడి అలవాటు ఇంకను మాసిపోని రోజులలో, అనగా ఇప్పటికి ఇరువది యేండ్ల క్రిందట, ఆకాశమువంక తేరిపార చూచుచుండిన వారికి ఒక్కొక్కసారి ఒక వింత కనబడుచుండెడిది. ఏ నక్షత్రమును లేని తావున చిన్న చుక్క యొకటి పొటమరించి, చూచుచుండగనే శుక్రగ్రహమును సైతము మించి వెలిగి, కొన్ని క్షణములలో మరల చీకటిలో కలసిపోయెడిది. అది ఉల్క కాదు, విమానము కాదు. ఇరిడియం అను పేరుగల టెలిఫోను ఉపగ్రహములకు అమర్చిన, తలుపు రెక్కలంతటి నున్నని ఏంటెన్నాలపై సూర్యకాంతి పడి భూమివైపు తిరిగివచ్చుటచే కలిగిన మెరుపది. ఆ మెరుపును జూచి పిల్లలకు వేలెత్తి చూపించిన వారిలో అనేకులకు, దాని వెనుక 500 కోట్ల డాలర్ల పెట్టుబడియు, ఆ కాలమున ప్రపంచమును విస్మయపరచిన ఒక దివాలాయు ఉన్నవని తెలియదు.

ఈ కథకు మూలముగా చెప్పుకొను సంఘటన మిక్కిలి చిన్నది. 1985 ప్రాంతమున మోటరోలా సంస్థలో ఇంజినీరుగా నుండిన బారీ బెర్టిగర్ సకుటుంబముగా బహామా దీవులకు విహారార్థము వెళ్ళినప్పుడు, ఇండ్ల క్రయవిక్రయముల వ్యాపారము చేయుచుండిన ఆయన భార్య, అమెరికాలోని తన ఖాతాదారులతో మాటాడ యత్నించి, సెల్‌ఫోను పలుకకపోవుటచే విసిగి, ఇందుకొక ఉపాయము చూడరాదా యని భర్తను అడిగెనట. 1987లో అరిజోనా రాష్ట్రమందలి చాండ్లర్ పట్టణమున బెర్టిగర్, రేమండ్ లియోపోల్డ్, కెన్ పీటర్సన్ అను మువ్వురు కలసి ఆ ప్రశ్నకు సమాధానమును చిత్రించిరి. భూమండలమునంతను చుట్టి 77 ఉపగ్రహములు తిరుగుచుండవలెను. వానిలో ఏదో యొకటి ఎల్లవేళల ప్రతి మనుష్యుని తలమీద ఉండవలెను. పరమాణు సంఖ్య 77 గల ఇరిడియము అను లోహము పేరే ఆ పథకమునకు పెట్టిరి. తరువాత లెక్కలు సవరింపగా 66 ఉపగ్రహములే చాలునని తేలినది గాని, 66వ మూలకమైన డిస్ప్రోసియము పేరు వ్యాపారమునకు నప్పదని కాబోలు, పాత పేరునే నిలిపిరి. ఇరిడియమునకు గ్రీకు భాషలో ఇంద్రధనుస్సుతో సంబంధము; డిస్ప్రోసియమునకో, చేరశక్యము కానిదని అర్థము.

అప్పటికే సముద్రముమీది ఓడలకు ఉపగ్రహ టెలిఫోను కొత్త కాదు. 1979లో అంతర్జాతీయ సంస్థగా ఏర్పడిన ఇన్మార్‌శాట్ ఆ పనినే చేయుచుండెను. అయితే దాని ఉపగ్రహములు భూమధ్యరేఖపై సుమారు 35,800 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానముగా తిరుగుచు, నేలనుండి చూచువారికి కదలనట్లుండును. అంత దూరము పలుకు పంపుటకు పెద్ద ఏంటెన్నా కావలెను. మనము పలికిన మాట పైకి పోయి క్రిందికి వచ్చుటకు పావు సెకను పట్టును, కావున ప్రత్యుత్తరమునకు అర సెకను ఎదురుచూడవలసి యుండును. ఇరిడియము వారు ఉపగ్రహములను 780 కిలోమీటర్ల ఎత్తునకే దించిరి. అందువలన చేతిలో పట్టు ఫోనే చాలినది, మాటలో ఆలస్యము తగ్గినది. కాని అంత దిగువన తిరుగు ఉపగ్రహము నూరు నిమిషములకొకసారి భూమిని చుట్టివచ్చును. మన తలమీద పది నిమిషములైన నిలువదు. ఒకటి అస్తమించులోపల మరియొకటి ఉదయించి సంభాషణను అందుకొనవలెను. ఊరేగింపులో దివిటీ చేతులు మారునట్లు, మాట ఒక ఉపగ్రహమునుండి ప్రక్క ఉపగ్రహమునకు ఆకాశమునందే అందింపబడి, గమ్యస్థానమునకు చేరువలోనున్న నేలమీది కేంద్రమున దిగవలెను. ఇంజినీర్ల పని యను దృష్టితో చూచినచో ఇంతకంటె సుందరమైన నిర్మాణము ఆ శతాబ్దమున తక్కువగా జరిగినదని నా నమ్మకము.

పెట్టుబడికి ప్రమాదమును ఆ సౌందర్యమునందే ఉండెను. సెల్‌ఫోను కంపెనీ ఒక పట్టణమున నాలుగు టవర్లు నిలిపి, వచ్చిన రాబడితో పొరుగు పట్టణమునకు పోవచ్చును. గిరాకి లేనిచోట ఆగిపోవచ్చును. తప్పు చేసినను ఆ తప్పు ఒక ఊరికి సరిపోవును. ఉపగ్రహముల వలయమునకు ఆ వెసులుబాటు లేదు. అరువదియారును పైకి చేరినగాని మొదటి రూపాయి రాదు. సగము వలయము సగము సేవ కాదు, అసలు సేవయే కాదు. పైగా భూమిలో మూడింట రెండు వంతులకు మించి సముద్రమే గనుక, తిరుగుచున్న ప్రతి ఉపగ్రహమును తన ఆయుర్దాయములో అధికభాగము ఎవ్వరును లేని నీటిమీద గడుపును. ఆ ఆయుర్దాయమైనను ఎనిమిదేండ్లకు మించదని నాటి అంచనా. గిరాకి నిదానముగా పెరుగునని ఓపికపట్టుటకు అందు చోటెక్కడ? పంట ఇంటికి రాకముందే శిస్తు గడువు తరుముకొనివచ్చిన కాపు స్థితివంటిది ఆ ఋణదాతల స్థితి.

1992లో స్పెయిను దేశపు తొర్రెమోలినోస్ నగరమున జరిగిన ప్రపంచ రేడియో మహాసభ ఇట్టి సేవలకు తరంగములను కేటాయించినది. 1995 జనవరిలో అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించినది. ఇక పెట్టుబడి. మోటరోలా తన వాటా తానుంచుకొని, జపాను, ఇటలీ, జర్మనీ, రష్యా, చైనా, భారతదేశముల సంస్థలను భాగస్వాములుగా చేర్చుకొనెను. బ్యాంకులనుండి అప్పులు, అధిక వడ్డీ బాండ్లు, 1997 జూనులో వాటాల విక్రయము, అన్నియు కూడి 500 కోట్ల డాలర్లయినవి. అందులో దాదాపు 340 కోట్ల డాలర్లు ఉపగ్రహ వ్యవస్థ నిర్మాణమునకై తిరిగి మోటరోలాకే చేరవలసియుండుట గమనింపదగిన విషయము. గుత్తేదారు తానే యజమానులలో ప్రముఖుడైన యింట, ఇల్లు కట్టుట ఆపవలసిన వేళ వచ్చినదని చెప్పువారెవ్వరు? ఈ ప్రశ్న ఆ నాడు గట్టిగా అడుగబడి యుండినయెడల, నష్టము ఇంత దూరము పోకపోయెడిదని నాకు తోచుచున్నది.

రాకెట్ల విషయమున మాత్రము ఇరిడియము అదృష్టవంతురాలు. 1997 మే 5న మొదటి ఐదింటిని పంపిరి. అమెరికా డెల్టా, రష్యా ప్రోటాన్, చైనా లాంగ్ మార్చ్ రాకెట్లమీద ఒక సంవత్సరము పండ్రెండు దినములలో 72 ఉపగ్రహములు కక్ష్య చేరినవి. పోటీగా బయలుదేరిన గ్లోబల్‌స్టార్ గతి యట్లు కాలేదు. 1998 సెప్టెంబరు 9న జెనిట్ రాకెట్ విఫలమై 12 ఉపగ్రహములు ఒక్కమారుగా నాశనమైనవి.

1998 నవంబరు 1న అమెరికా ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఇరిడియం ఫోనుమీద మొదటి అధికారిక సంభాషణ చేసెను. అవతల పలికినది టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్ మునిమనుమడైన గిల్బర్ట్ గ్రోవ్‌నర్. ఆ ఏర్పాటులో ఎంతటి ఆత్మవిశ్వాసమున్నదో ఊహింపవచ్చును.

అయితే 1987లో ఊహించిన వినియోగదారుడు 1998 నాటికి ఎక్కడ నుండెను? ఆ మువ్వురి మనస్సులోనుండినది దేశదేశములు తిరుగు వ్యాపారి. నాడు ఒక దేశపు సెల్‌ఫోను మరియొక దేశమున పలుకదు; చాల దేశములలో సెల్‌ఫోనే లేదు. కాని 1991లో ఫిన్లాండులో మొదలైన జి.ఎస్.ఎం. పద్ధతి యూరపునంతను ఆక్రమించి, ఆసియాకు పాకినది. మన దేశమునందు 1995 జూలై 31న కలకత్తానుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో సెల్‌ఫోనుమీద మాటాడిరి. వ్యాపారి దిగు ప్రతి విమానాశ్రయమునందు, బసచేయు ప్రతి హోటలునందు టవరు లేచినది. ఇరిడియము మిగిలినదేమో ఆ టవర్లు లేనిచోట, అనగా ఆ వ్యాపారి పోనిచోట.

ఫోను స్వభావమైనను ఆ పెద్దమనిషికి అనుకూలముగా లేదు. ఇటుకవంటి ఆకారము, సుమారు అరకిలో బరువు, కఱ్ఱవంటి ఏంటెన్నా; వెల దాదాపు 3,000 డాలర్లు; నిమిషమునకు మూడునుండి ఏడు డాలర్ల వరకు కిరాయి. ఇంతయు చెల్లించి కొనినను, పైకప్పు క్రింద అది పలుకదు, కారులో పలుకదు, ఎత్తైన మేడల నడుమ వీధిలో పలుకుట కష్టము. ఆకాశము కనబడు చోటికి వచ్చి నిలిచి మాటాడవలెను. ఎవరి కార్యము లోపలి గదులలో, సమావేశ మందిరములలో జరుగునో, వానిని బయటికి వచ్చి మాటాడుమనుట ఎట్లు పొసగును? సర్వేలలో ప్రజలు ఇట్టి ఫోను కావలెనని చెప్పియుందురు. ఎక్కడినుండియైనను మాటాడగల పరికరము వలదనువాడు ఎవడు? కావలెననుట వేరు, ముడుపు విప్పుట వేరు.

ఋణదాతలతో చేసికొన్న ఒడంబడిక ప్రకారము 1999 మార్చి ముగియునాటికి 52,000 మంది వినియోగదారులు చేరవలసియుండెను. చేరినవారు 10,294 మంది. ఏప్రిలులో సంస్థ ముఖ్యనిర్వాహకుడు ఎడ్ స్టయానో పదవి విడిచెను. వెలలు తగ్గించినను ఫలము లేకపోయెను. 1999 ఆగష్టు 13న ఇరిడియము దివాలా రక్షణ కోరినది. సేవ మొదలై పది మాసములైనను నిండలేదు. అదే నెల 27న ఐ.సి.ఓ. అను మరియొక ఉపగ్రహ టెలిఫోను సంస్థయు, 2002 ఫిబ్రవరిలో గ్లోబల్‌స్టార్‌యు అదే దారి పట్టినవి. బిల్ గేట్స్, క్రెయిగ్ మెకావ్‌ల అండతో మొదట 840 ఉపగ్రహములు పంపుదుమన్న టెలిడెసిక్ సంస్థ అదే 2002లో పని నిలిపివేసినది. ఒకరి తప్పిదమైనచో దానిని ఆ ఒకరి అవివేకమనవచ్చును. నలువురును ఒకే గోతిలో పడినప్పుడు, ఆ గొయ్యి ఆ వ్యాపార స్వభావములోనిదే అని ఒప్పుకొనక తప్పదు. టవరు అందనిచోట నుండువారిలో అత్యధికులకు డాలర్లు లేవు. డాలర్లు గలవారిలో అత్యధికులు టవరు నీడ విడిచిపోరు. ఈ రెండింటి నడుమ మిగిలిన సన్నని గట్టుమీద 500 కోట్ల భారమును నిలుపబోయిరి.

ఈ నష్టమున మన దేశపు ధనమును కలసియున్నది. భారతీయ బ్యాంకులు, ఆర్థికసంస్థలు కూడి ఏర్పరచిన ఇరిడియం ఇండియా టెలికాం సంస్థ, తమను తప్పుదారి పట్టించి పెట్టుబడి పెట్టించిరని మోటరోలాపై 2001లో పూనాలో క్రిమినలు ఫిర్యాదు దాఖలు చేసెను. బొంబాయి హైకోర్టు దానిని కొట్టివేయగా వ్యవహారము సుప్రీంకోర్టుకు పోయినది. 2010 అక్టోబరు 20న వెలువడిన తీర్పు, మోటరోలా తప్పుచేసినదనియో చేయలేదనియో నిర్ణయింపలేదు గాని, దేహములేని కంపెనీకి సైతము నేరబుద్ధి నాపాదించి విచారింపవచ్చునని స్పష్టము చేసినది. ఆ ధర్మాసనమున జస్టిస్ నిజ్జర్‌తో పాటు కూర్చుండినవారు మన తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి. నేటికిని న్యాయవిద్యార్థులు చదువుకొనుచున్న తీర్పది. ఉపగ్రహములు అప్పులవారికి ఏమియు మిగల్చకున్నను మన న్యాయశాస్త్రమునకు ఒక అధ్యాయమును మిగిల్చినవి.

2000 మార్చిలో సేవ నిలిచిపోయినది. నెలనెల నిర్వహణ వ్యయము భరింపజాలని మోటరోలా, ఉపగ్రహములన్నిటిని కక్ష్యనుండి దింపి వాతావరణములో కాల్చివేయుటకు సిద్ధపడినది. అట్టి సమయమున, ఒకప్పుడు పాన్ అమెరికన్ విమానసంస్థకు అధ్యక్షుడై, విశ్రాంత జీవితము గడుపుచుండిన డాన్ కొలుస్సీ ముందుకు వచ్చెను. మాసములతరబడి ఆయన పడిన పాట్లు ఒక్క వ్యాసమున ఇముడునవి కావు. ఉపగ్రహములు ఎవరి నెత్తినైన పడినయెడల పరిహారమెవరిదన్న ప్రశ్నయే బేరమును పలుమారులు చెరచినది. తుదకు అమెరికా ప్రభుత్వము అందుకు పూచీపడినది. దాని రక్షణశాఖ, తన 20,000 మందికి అవధిలేని సంభాషణసౌకర్యము కొరకు రెండేండ్లకు 7.2 కోట్ల డాలర్ల ఒడంబడిక చేసికొనినది. 2000 డిసెంబరులో కొలుస్సీ బృందము ఆ సర్వస్వమును 2.5 కోట్ల డాలర్లకు కొనినది. నూరు రూపాయల వస్తువు అర్ధరూపాయికి చేతులు మారిన బేరమది. కట్టినవారు మునిగిరి, మునిగిన ధరకు కొన్నవారు తేలిరి. మొదటివారి నష్టమే లేనియెడల రెండవవారి లాభమునకు ఆస్కారమే లేదు, ఆ సంగతి తలచినప్పుడెల్ల నాకు బాండ్లు కొన్న అనామకులే కనులముందు మెదలుదురు.

వినియోగదారులు అప్పటికి గాని కనబడలేదు. ఎడారిలోని సైనికుడు, నడిసముద్రమున చమురు తోడు కార్మికుడు, ధ్రువప్రాంతపు శాస్త్రజ్ఞుడు, పర్వతారోహకుడు. వారి సంఖ్య స్వల్పము. వారి అవసరము బేరమాడనిది. ఎనిమిదేండ్లన్న ఉపగ్రహములలో అనేకము ఇరువదేండ్ల వరకు పనిచేసినవి. 2009 ఫిబ్రవరి 10న వానిలో నొకటి సైబీరియామీద, పాడుపడిన రష్యా ఉపగ్రహముతో ఢీకొని ముక్కలైనది. రెండు నిండు ఉపగ్రహములు పొరపాటున ఢీకొనుట అదియే మొదలు. 2017, 2019 సంవత్సరముల నడుమ స్పేస్‌ఎక్స్ రాకెట్లమీద 75 కొత్త ఉపగ్రహములు వెళ్ళినవి. ఈనాడు ఇరిడియము ఖాతాలు ఇరువది లక్షలకు మించినను, అందులో ఎక్కువభాగము మాటాడు మనుష్యులవి కావు. సముద్రమున తేలు బోయాలు, ఓడలు, యంత్రములు తమ వర్తమానములను పంపుకొనుటకు వాడు ఖాతాలు. గ్లోబల్‌స్టార్ ఉపగ్రహములో, 2022నుండి ఐఫోను చేతబట్టి దారితప్పినవారి ఆర్తనాదమును మోయుచున్నవి.

మన దేశమున శాటిలైట్ ఫోను అనుమతిలేక వాడరాదు. 2008 నవంబరు నాటి బొంబాయి దాడిలో ఉగ్రవాదులు అట్టి ఫోనులు వాడినందున కట్టుబాట్లు మరింత బిగిసినవి. తెలియక వెంటతెచ్చిన విదేశీయాత్రికులు విమానాశ్రయములలో చిక్కుకొనుట వార్తాపత్రికలలో చూచుచునే యున్నాము. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముమీద విరుచుకొనిపడి, టవర్లు కూలి, కరెంటు పోయి, లక్షలాది సెల్‌ఫోనులు మూగవోయినప్పుడు, తీరజిల్లాల ప్రజలకు ఆ ఫోను విలువ బోధపడినది. నేడు బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదన్న హెచ్చరిక రాగానే కోస్తా కలెక్టరు కార్యాలయములకు శాటిలైట్ ఫోనులు పంపబడుచున్నవి. గాలి హోరెత్తిన రాత్రి, ఎవరో యొక ఉద్యోగి దానిని చేతబట్టి వానలోనే మేడమీదికెక్కి, మబ్బుల వెనుకనున్న ఉపగ్రహము దిక్కునకు ఏంటెన్నా తిప్పి, ఏ మండలములో ఎన్ని ఊళ్ళు నీటిలోనున్నవో రాజధానికి చెప్పును.