ఇల్లు నిలిచిన కథ

మైసూరు నగరమున యాదవగిరి యను పేట కలదు. అచట వీధివైపు అర్ధవలయాకారముగ ముందుకు వచ్చిన గదితో రెండంతస్తుల ఇల్లొకటి నేటికిని నిలిచియున్నది. అది ఆంగ్లమున నవలలు వ్రాసి లోకఖ్యాతి గడించిన ఆర్. కె. నారాయణ్ గారి గృహము. 2011లో గునపపు దెబ్బలకు గురియై, కొంతభాగము కూలి, తుదకు ఎట్లో బ్రదికి బయటపడినది. మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఆ ఇంటి కథ తలచుకొనుట అనుచితము కాదు. పుస్తకములను కాపాడుకొనువారికి, అవి పుట్టిన ఇండ్ల మాట పరాయిది కాదుగదా!

నారాయణ్ గారు 1906లో చెన్నపట్టణమున జన్మించిరి. తండ్రిగారు మైసూరున ప్రధానోపాధ్యాయులుగా నుండుటచే ఆ నగరమే వారి కుటుంబమునకు స్వస్థలమైనది. 1935లో వెలువడిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ నవలతో మాల్గుడి యను కల్పితపట్టణము పాఠకలోకమునకు పరిచయమయ్యెను. అద్దె ఇంట ఉమ్మడి కుటుంబముతో కాలము గడపుచుండిన ఆయన, 1950 ప్రాంతమున యాదవగిరిలో సొంత ఇల్లు కట్టించుకొనిరి. వ్రాసికొనుటకై ఎనిమిది కిటికీల గది యొకటి అమర్చుకొనిరి. అందు కూర్చుండిన చాముండి కొండ, నగరమందలి గోపురములు, మేయుచున్న పశువులు, పోవుచున్న రైళ్లు అన్నియు కనుపించెడివి. చూపంతయు బయటనే నిలిచిపోయి కలము సాగకుండుటచే, తుదకు బల్ల ప్రక్కనున్న కిటికీకి తెర కట్టించి, దినమునకు వేయి మాటల చొప్పున వ్రాసితినని ఆయనయే స్వీయచరిత్రమున చెప్పుకొనిరి.

వార్ధక్యమున నారాయణ్ గారు చెన్నపట్టణము చేరి, 2001లో అచటనే కన్నుమూసిరి. ఇల్లు వారసుల వశమయ్యెను. వారు వేరుచోట్ల నుండువారు. నగరము పెరిగినకొలది ఇంటి విలువ నిలిచిపోయి, క్రిందనున్న నేల విలువ ఆకాశము నంటెను. ఇల్లు అమ్ముడుపోయెను, కొన్నవారు పడగొట్టింప మొదలిడిరి. ఇందు వారసులను నిందించుట న్యాయము కాదు. తమ ఆస్తిని తాము అమ్ముకొనుట వారి హక్కు. అంతవరకు ఆ ఇంటిని కాపాడుదమని ముందుకు వచ్చినవారెవ్వరు?

కూల్చివేత వార్త పత్రికలలో పడగనే పౌరులు కలవరపడిరి. అధికారులు పని నిలిపించిరి. ఆ ఇల్లు వారసత్వ కట్టడముగ గుర్తింపబడినది. 1958 నాటి కేంద్ర చట్టము ప్రకారము ప్రాచీన కట్టడమనిపించుకొనుటకు నూరేండ్లు నిండవలెను. ఈ ఇంటికి అప్పటికి అరువదేండ్లే. కావున ఆ చట్టము దీనికి అక్కరకు రాలేదు. కన్నడమున వ్రాయని రచయిత ఇంటికి ప్రజాధనమేల యని కొందరు కన్నడ రచయితలు ఆక్షేపించిరి. ఈ చిక్కులన్నియు దాటి, నగరపాలక సంస్థ సుమారు 2 కోట్ల 40 లక్షల రూపాయలకు ఇంటిని కొని, మరమ్మతులు చేయించి, 2016లో ప్రదర్శనశాలగా తెరిపించెను. ఆలస్యమునకు చెల్లించిన మూల్యమిది.

ముందుచూపున కుదాహరణము మన తెలుగునాటనే కలదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు, సంతానము లేనివారగుటచే తమ ఆస్తిని తాము స్థాపించిన హితకారిణీ సమాజమునకు జీవితకాలముననే ధారపోసిరి. వారు నివసించిన గృహము నేడు స్మారకముగ రక్షింపబడుచున్నది. ఆస్తికి ధర్మమైన గతి బ్రదికియుండగనే నిర్ణయించుట యెట్లో ఆయన చేసి చూపిరి.

ఇక మన మాట. మన పల్లెలలోను మండువా లోగిళ్లు ఒక్కొక్కటిగ నేలమట్టమగుచున్నవి. అన్నదమ్ముల వాటాలు తెగవు. పిల్లలు దూరదేశములం దుందురు. పెంకు నేయించుటకు పనివారు దొరకరు. ఇంతలో స్థలమునకు బేరము వచ్చును. ప్రతి పాత ఇల్లును నిలుపుట సాధ్యము కాదు, అవసరమును కాదు. కాని ఏది నిలుపదగినదో గునపపు చప్పుడు వినకముందే ఊరు తేల్చుకొనవలెను. యజమానులతో మర్యాదగ మాటాడి, తగిన వెల చెల్లించు మార్గము వెదకవలెను. బడికో, పఠనమందిరమునకో ఆ ఇల్లు ఉపయోగపడునేమో యోచింపవలెను. ఉపయోగము లేని ఇల్లు ఎంత కీర్తి గలదైనను చెదలపాలగును.

నిలుపజాలని ఇంటి విషయమునను చేయదగినది కలదు. దాని ఛాయాచిత్రములు తీయించి, కొలతలు గైకొని, దూలముపై చెక్కిన సంవత్సరమును వ్రాసికొని, పాత దస్తావేజులకు, ఉత్తరములకు నకళ్లు తీయించి గ్రంథాలయమున భద్రపరుపవలెను. అచట పుట్టి పెరిగిన వృద్ధులచే జ్ఞాపకములు చెప్పించి వ్రాయింపవలెను. ఇందుకు కోట్లు అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక కలము, కొంత ఓపిక చాలును.

రాబోవు ఇరువదియైదేండ్లలో మన గ్రంథాలయము ఈ పనికి పూనుకొనునేని, స్వర్ణోత్సవ సంచిక చేతబట్టిన మన మనుమలు, తమ ఊరు నిన్న పుట్టినది కాదని తెలిసికొందురు.