సుగంధ ద్రవ్యాల కొట్టు నుంచి ఫార్మాచీయా దాకా

ఇటలీలో మందుల దుకాణాన్ని 'ఫార్మాచీయా' అంటారు. మధ్యయుగంలో దాన్ని నడిపేవాడి పేరు 'స్పెత్సియాలే'. 'స్పెత్సియె' అంటే సుగంధ ద్రవ్యాలు. మలబారు నుంచి వచ్చే మిరియాలు అప్పట్లో వంటకెంత అవసరమో వైద్యానికీ అంతే. తెలుగు ఊళ్ల పచారీ కొట్లో మిరియాల పక్కనే కరక్కాయలు ఉన్నట్టు, అక్కడా చక్కెర, మైనం, లేహ్యాలు, రంగులు ఒకేచోట దొరికేవి. రంగులు ఈ కొట్లలోనే కొనేవారు కాబట్టి ఫ్లోరెన్స్ చిత్రకారులు వైద్యులు, స్పెత్సియాలేలు ఉన్న వృత్తి సంఘంలోనే సభ్యులయ్యారు. కవి డాంటే కూడా అందులో చేరాడు. మందులు నూరడానికి కాదు. ఏదో ఒక సంఘంలో పేరు లేనిదే నగర పాలనలో పదవి దక్కేది కాదు.

వైద్యుడు వేరు, మందులమ్మేవాడు వేరు అన్న నియమం 13వ శతాబ్దంలో, దక్షిణ ఇటలీని ఏలిన రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి చట్టాలతో వచ్చింది. వైద్యుడు కొట్టు పెట్టకూడదు, కొట్టువాడితో వాటా కలుపుకోకూడదు. మందు రాసేవాడే అమ్ముకుంటే రోగి గతేమిటో ఆ కాలానికే తెలుసు. 1499లో ఫ్లోరెన్స్‌లో అచ్చయిన 'రిచెత్తారియో ఫియొరెంతీనో' మందుల తయారీకి ప్రమాణమైంది. వెనిస్ మాత్రం 'తెరియాకా'తో పేరు మోసింది. పాముమాంసం సహా 60కి పైగా దినుసులు పడే ఈ విషహరిని, కల్తీ జరగకుండా, అధికారుల ఎదుట జనం చూస్తుండగా తయారు చేయించేవారు.

పాత వృత్తి పోయినా దాని మాటలు కౌంటరు మీద మిగిలాయి. 'రిచెత్తా' అంటే నేటికీ వంట తయారీ విధానమూ, డాక్టరు చీటీ కూడా. గాయానికి అంటించే ప్లాస్టర్ 'చెరొత్తో'. మైనం కలిపిన లేపనానికి గ్రీకులు పెట్టిన పేరు నుంచి వచ్చింది. 'వొర్రేయ్ దేయ్ చెరొత్తి' అంటే 'ప్లాస్టర్లు కావాలండీ' అని మర్యాదగా అడగడం. పక్కనే ఉండే 'అక్వా ఒస్సిజెనాతా', అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్, 1818లో కనుగొన్న పదార్థం. ఆ పేరు రసాయనశాస్త్రం పెట్టింది. కట్టు గుడ్డ 'బెండా', గాజుగుడ్డ 'గార్డ్జా'.

రాత్రిళ్లూ సెలవురోజుల్లోనూ వంతు ప్రకారం తెరిచి ఉండే దుకాణం 'ఫార్మాచీయా ది తుర్నో'. చీటీ అక్కర్లేని మందులను ఇతర దుకాణాల్లోనూ అమ్ముకోవచ్చని 2006లో చట్టం మార్చారు. అక్కడా ఫార్మసిస్టు ఉండాల్సిందే.