వారానికి రెండు రోజులు సరిపోతాయా? 1981లోనే తేలిన లెక్క

సోమవారం జోరుగా జిమ్ మొదలుపెట్టి, ఆఫీసులో పని పెరగ్గానే మొత్తం మానేసినవాళ్లు ఎంతమంది ఉన్నారు? నేనూ అదే బ్యాచ్. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు రిలీజ్ వచ్చిందంటే నా రన్నింగ్ షూస్ నెల రోజులు మూలన పడేవి. ఆరు రోజులూ కుదరనప్పుడు అసలు ఎందుకులే అనుకునేవాణ్ణి. ఆ లెక్క తప్పని నేను పుట్టకముందే తేలిపోయింది. ఇవాళ ఆ కథే.

ముందు ఒక్క పదం: వీఓ2 మ్యాక్స్. ఎంత గట్టిగా పరిగెత్తినా మన ఒళ్లు నిమిషానికి ఇంతకు మించి ఆక్సిజన్ వాడుకోలేదు అనే హద్దు. సింపుల్‌గా చెప్పాలంటే మన దమ్ము కొలత.

1957, ఫిన్లాండ్. మార్టి కార్వొనెన్ టీమ్ కొంతమంది కుర్ర మెడికల్ స్టూడెంట్స్‌ని ట్రెడ్‌మిల్ ఎక్కించింది. రోజుకి అరగంట, వారానికి నాలుగైదు సార్లు, నాలుగు వారాలు. రెస్ట్‌లో ఉన్న హార్ట్ రేట్‌కీ మ్యాక్సిమమ్‌కీ మధ్య గ్యాప్‌లో 60 శాతం దాటితేనే ఫిట్‌నెస్ పెరుగుతోందని తేల్చారు. అంటే రెస్ట్‌లో 70, మ్యాక్సిమమ్ 190 అనుకోండి. గ్యాప్ 120, అందులో 60 శాతం 72. అంటే 142 దాటాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇంతకన్నా తక్కువైనా పనిచేస్తుందని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.

అసలు మలుపు అమెరికాలో వచ్చింది. రాబర్ట్ హిక్సన్ టీమ్ కొంతమందితో పది వారాలు కఠినమైన ట్రైనింగ్ చేయించింది. రోజుకి 40 నిమిషాలు, వారానికి 6 రోజులు, సైక్లింగ్, రన్నింగ్. దమ్ము బాగా పెరిగింది. ఆ తర్వాత 15 వారాల పాటు ఒక్కోసారి ఒక్కటే తగ్గించి చూశారు.

1981లో రోజులు తగ్గించారు. కొందరికి 4, కొందరికి 2. వేగం, టైమ్ మాత్రం అలాగే ఉంచారు. వీఓ2 మ్యాక్స్ నిలబడింది!

1982లో టైమ్ తగ్గించారు. 40 నిమిషాలు కాస్తా 26, లేదా 13. అప్పుడూ నిలబడింది. కాకపోతే 13 నిమిషాలవాళ్లకి ఎక్కువసేపు లాగే ఓపిక కొంచెం తగ్గింది.

1985లో ఇంటెన్సిటీ తగ్గించారు. రోజులు అవే, నిమిషాలు అవే, జోరు మాత్రం మూడో వంతు, లేదా మూడింట రెండు వంతులు కట్. ఈసారి నిలబడలేదు. ట్రైనింగ్‌తో పెరిగిన గుండె ఎడమ గది కండ కూడా మళ్లీ మొదటికొచ్చింది.

అర్థమైందా? రోజులు తగ్గితే ఒళ్లు సర్దుకుపోతుంది, జోరు తగ్గితే ఊరుకోదు.

అలాగని తప్పుగా తీసుకోవద్దు. రెండు రోజులు చాలడం అనేది సంపాదించుకున్న దమ్ముని నిలబెట్టుకోవడానికి. పెంచుకోవడానికి కాదు. పైగా వీటిలో పాల్గొన్నవాళ్లు కొద్దిమందే, చూసింది 15 వారాలే. బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లు జోరు పెంచే ముందు డాక్టర్‌ని అడగండి.

కానీ పరీక్షలొచ్చినా, నైట్ షిఫ్ట్ పడినా, ఇంట్లో పెళ్లి ఉన్నా మొత్తం మానేయక్కర్లేదు. వారానికి రెండుసార్లు, ఒళ్లు దాచుకోకుండా పరిగెత్తండి. ఆ రోజుల్లో ఎవరైనా నాకు ఈ మాట చెప్పి ఉంటే, ప్రతిసారీ సున్నా నుంచి మొదలుపెట్టే బాధ తప్పేది.

మీకు కుదిరే ఆ రెండు రోజులు ఏవో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!