ఒగ్గుకథ శ్రోతలు: ఉత్తర తెలంగాణలో ఒక అభిమాన సంప్రదాయం

ఒగ్గుకథ తెలంగాణలో మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ వంటి దేవతల కథలను డోలు, తాళాల మోతతో రాత్రుళ్లు ఆడి పాడి చెప్పే జానపద కళ. గొల్ల, కురుమ కులాల ఒగ్గు పూజారులు దీన్ని తరతరాలుగా నిలుపుకుంటూ వచ్చారు. ఈ కళతో పాటే పెరిగింది శ్రోతల అభిమానం. కథ పెట్టించారని తెలిస్తే పక్క ఊరికి నడిచి వెళ్లడం, నచ్చిన కథకుడి వెంట జాతర నుంచి జాతరకు తిరగడం, మొదటి నుంచి చివరి దాకా తెలిసిన కథనే మళ్లీ మళ్లీ వినడం ఈ అభిమానానికి గుర్తులు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో, గోదావరి లోయలోని నస్పూర్, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి వంటి బొగ్గుగని పట్టణాల్లో ఇది ఇప్పటికీ కనిపిస్తుంది.

పూర్వ చరిత్ర

మల్లన్న ఆరాధన ఒక్క తెలంగాణకే పరిమితం కాదు. ఆయనను కర్ణాటకలో మైలారలింగంగా, మహారాష్ట్రలో ఖండోబాగా కొలుస్తారు. పుణె దగ్గరి జెజూరి ఖండోబా క్షేత్రాల్లో ప్రసిద్ధమైనది. పశువులు, గొర్రెలు కాచుకునే కులాలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడల్లా ఈ దేవుడు, ఆయన కథ, ఆ కథ చెప్పే గాయకులు ఉన్నారు.

15వ శతాబ్దం నాటిదిగా చెప్పే ‘క్రీడాభిరామం’లో మైలారదేవుని భక్తుల ప్రస్తావన ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసిన వింతలన్నీ ఆ కావ్యంలో వరసగా వస్తాయి. మైలార భక్తుల సాహసాలు, పల్నాటి వీరుల కథ పాడే గాయని వాటిలో ఉన్నాయి. వీధిలో జరిగే ఆటను, పాటను వెతుక్కుంటూ తిరిగే ప్రేక్షకుడు తెలుగు సాహిత్యంలో అంత స్పష్టంగా కనిపించిన తొలి చోట్లలో అది ఒకటి.

కథకులకు ఒగ్గు పూజారులన్న పేరు వారి చేతి వాద్యం వల్ల వచ్చింది. ఒగ్గు అంటే శివుని డమరుకం. పెళ్లిళ్లలో, మొక్కుల్లో దేవుడి పెళ్లి జరిపించి కథ చెప్పడం వారి కులవృత్తి. పూజ, కథ, వాద్యం మూడూ ఒకే మనిషి చేతిలో ఉండడం ఒగ్గుకథకు బలమైన పునాది.

ప్రదర్శన తీరు

ఒక బృందంలో సాధారణంగా నలుగురి నుంచి ఆరుగురు ఉంటారు. ప్రధాన కథకుడు కథ నడుపుతాడు. వంతపాడే వ్యక్తి ప్రతి మాటకూ బదులిస్తూ, అడ్డు తగులుతూ, నవ్విస్తూ కథను ముందుకు నెడతాడు. మిగిలినవారు డోలు, తాళాలు, నపీర వాయిస్తారు. కాళ్లకు గజ్జెలు, నొసట బండారి (పసుపు), భుజాన గొంగడి కథకుడి వేషం. రంగస్థలం, తెర, దీపాల అమరిక అక్కరలేదు. వాకిలి చాలు, గుడి ముందరి ఖాళీ జాగా చాలు.

కథకు ముందు పట్నం వేస్తారు. బియ్యప్పిండి తెలుపు, పసుపు, కుంకుమ, ఆకుపొడి ఆకుపచ్చ, బొగ్గుపొడి నలుపు కలిపి నేల మీద వేసే ఈ పెద్ద ముగ్గు దేవుడి పెళ్లికి వేదిక. మల్లన్న గొల్ల కేతమ్మను, బలిజ మేడలమ్మను పెళ్లాడిన ఘట్టం, బీరప్ప కామరాతిని తెచ్చుకున్న ఘట్టం ఆ ముగ్గు చుట్టూనే నడుస్తాయి. పెళ్లి ముగిశాక పట్నాన్ని తొక్కుతారు.

కథకుడికి కట్టుదిట్టమైన రాతప్రతి ఉండదు. కథ ఎముకల గూడు ఒకటే, దాని మీది కండ ఏ రాత్రికారాత్రి కొత్తగా పుడుతుంది. ఎల్లమ్మ కథలో జమదగ్ని కోపం, పరశురాముడు తల్లి తల నరికే ఘట్టం ప్రతి శ్రోతకూ తెలుసు. అయినా ఎక్కడ పాట ఎత్తుకుంటాడో, ఎక్కడ దరువు పెంచుతాడో, ఏ మాట దగ్గర ఆగుతాడో ముందుగా ఎవరూ చెప్పలేరు. కథకుడు ఒక కండువా తలమీద కప్పుకుంటే ఆడమనిషి, అదే కండువా నడుముకు చుడితే రాజు. ఆ ఊరి చెరువు పేరు, ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి పేరు, ఆ ఏటి కరువు, ఆ వారం ధరలు కథలోకి వచ్చేస్తాయి. శ్రోతలు కదిలితే కథ సాగుతుంది, నిద్రమొహాలు కనిపిస్తే వంతగాడు హాస్యం అందుకుంటాడు. రెండు గంటల్లో ముగించగలిగిన కథనే తెల్లారేదాకా, కొన్ని చోట్ల వరుసగా కొన్ని రాత్రులు చెప్పగలరు. తెలిసిన కథ కోసం మళ్లీ మళ్లీ వెళ్లడానికి అసలు కారణం ఇదే: కథ తెలిసినదే, రాత్రి మాత్రం కొత్తది.

శ్రోతల పాత్ర

ఒగ్గుకథకు టికెట్టు లేదు. మొక్కు తీర్చుకునే కుటుంబమో, బీరప్ప పండుగ చేసే కురుమ సంఘమో కథ పెట్టిస్తుంది. ఖర్చు వారిది, వినడం ఊరందరిది. ‘ఫలానోళ్లింట్ల కథ పెట్టిచ్చిండ్రు’ అన్న కబురు నోటి మాటగా పాకిపోతే చాలు, పిలుపు లేకుండానే జనం చేరతారు. చాపలు, గొంగళ్లు తెచ్చుకుని ముందువరుసలో చోటు పట్టుకునేవారు అభిమానుల్లో మొదటి వర్గం.

కథ నడుమ కట్నాలు చదివించడం మరో పద్ధతి. నచ్చిన ఘట్టం దగ్గర శ్రోత లేచి డబ్బులు ఇస్తాడు. కథకుడు ఆట ఆపకుండానే ఇచ్చినవారి పేరు, ఊరు చెప్పి దీవిస్తాడు. ఈ పేర్ల పిలుపుతో ఎక్కడి నుంచి ఎవరెవరు వచ్చారో సభకంతా తెలుస్తుంది. దూరపు ఊరి పేరు వినిపిస్తే ఆ బృందానికి అది గౌరవం.

డోలు మోత తారస్థాయికి చేరినప్పుడు శివసత్తులకు, అంటే దేవుడి భక్తురాళ్లకు, పూనకం వస్తుంది. అప్పుడు ఆట ఆగదు, దరువు మారుతుంది. పూనకం వచ్చిన మనిషి చుట్టూ డోళ్లు తిరుగుతాయి. శాంతించాక విడిచిన చోటు నుంచి కథను మళ్లీ అందుకుంటారు. వినేవారు, ఆడేవారు వేరు వేరన్న హద్దు ఆ కాసేపు ఉండదు.

పాత శ్రోతలకు మరో బాధ్యత ఉంది. ఘట్టాల వరస, పాత్రల పేర్లు, వంశాల వివరాలు వారికి కంఠతా వచ్చు. కథకుడు ఒక ఘట్టం దాటేస్తే వారు అడిగి చెప్పించుకుంటారు. కొత్తగా వచ్చే కథకుడికి ఈ శ్రోతలే గట్టి పరీక్ష.

జాతర దారులు

అభిమానుల ప్రయాణానికి జాతరలే క్యాలెండరు. వాటిలో పెద్దది కొమురవెల్లి మల్లన్న జాతర. ఒకప్పటి వరంగల్ జిల్లాలోని ఈ క్షేత్రం 2016 జిల్లాల పునర్విభజన తర్వాత సిద్దిపేట జిల్లాలో ఉంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో జాతర సాగుతుంది. హైదరాబాద్ భక్తులు వచ్చే ఆదివారం పట్నం వారం, సికింద్రాబాద్ భక్తులు వచ్చేది లష్కర్ వారం. మహాశివరాత్రి రాత్రి పెద్దపట్నం వేస్తారు. ఆ రాత్రి ఒగ్గు పూజారుల డోళ్లు వినడానికే వచ్చేవారు ఎందరో ఉంటారు.

ఐనవోలు మల్లన్న, పెద్దపల్లి జిల్లా ఓదెల మల్లన్న ఆ తర్వాతి పేర్లు. మంచిర్యాల ప్రాంతంవారికి ఓదెల దగ్గరి దారి. కాజీపేట–బల్లార్షా రైలు మార్గంలో మంచిర్యాల, ఓదెల రెండు స్టేషన్లూ ఉండడంతో బస్సు రోడ్లు సరిగా లేని రోజుల్లోనూ ఈ జాతరకు రాకపోకలు సాగాయి. జైపూర్ మండలంలోని వేలాల గట్టు మల్లన్న జాతర శివరాత్రికి జరుగుతుంది. వేములవాడ రాజన్న క్షేత్రం ఏడాది పొడవునా జానపద కళాకారులకు కూడలి.

బొగ్గుగని పట్టణాల్లో

సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఆ పేరుతో ఏర్పడింది. గనులు గోదావరి తీరం వెంట విస్తరించిన కొద్దీ కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వేల కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. నస్పూర్ అట్లా పెరిగిన ఊళ్లలో ఒకటి. శ్రీరాంపూర్ ఏరియా గనులు, కార్మికుల క్వార్టర్లు, కోల్ కెమికల్ కాంప్లెక్స్ (సీసీసీ) చుట్టూ అల్లుకున్న ఈ పట్టణం 2018లో మున్సిపాలిటీ అయింది, 2025లో మంచిర్యాల నగరపాలక సంస్థలో కలిసింది.

పల్లె వదిలి వచ్చిన కార్మికుడు ఇంటి దేవుణ్ని వదల్లేదు. క్వార్టర్ ముందరే పట్నం వేయించి, సొంత ఊరి ఒగ్గు పూజారినే పిలిపించడం ఈ పట్టణాల్లో అలవాటైంది. పల్లెలో ఒకే కులం, ఒకే ఊరి జనం మధ్య జరిగే కథకు ఇక్కడ నాలుగు మూలల నుంచి వచ్చిన కుటుంబాలు చేరాయి. శ్రోతల్లో కొత్త పోలిక మొదలైంది. మా దిక్కు ఒగ్గోళ్ల దరువు ఇట్లుంటది, మీ దిక్కు పాట అట్లుంటది అన్న చర్చ అభిమానానికి మరింత పదును పెట్టింది.

గని పనికి పగలు, రాత్రి తేడా లేదు. మూడు షిఫ్టుల జీవితంలో కథకు చేరడం కూడా షిఫ్టును బట్టే నడుస్తుంది. సెకండ్ షిఫ్టు దిగినవారు అర్ధరాత్రి వచ్చి కథ మధ్యలో కూర్చుంటారు, ఫస్ట్ షిఫ్టుకు పోవాల్సినవారు తెల్లవారకముందే లేస్తారు. మధ్యలో వచ్చినా కథ అర్థం కావడం, మధ్యలో లేచినా బాధ లేకపోవడం తెలిసిన కథకున్న సౌలభ్యం. ఏటా డిసెంబరు 23న జరిగే సింగరేణి ఆవిర్భావ దినోత్సవంలో సాంస్కృతిక కార్యక్రమాలకూ చోటుంది.

పేరొందిన కథకులు

20వ శతాబ్దంలో కొందరు కథకులు కులం, ఊరు, జిల్లా దాటి అభిమానులను సంపాదించారు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు కరీంనగర్ ప్రాంతంలో ఇంటింటా తెలిసిన పేరు. రాములు 2010లో మరణించారు. జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య (1935–2017) వేల ప్రదర్శనలిచ్చి, కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. దేవతల కథలతో పాటు సామాజిక విషయాలనూ ఒగ్గుకథగా చెప్పడం ఆయన ప్రత్యేకత. వీరి వల్ల మొక్కు కోసం పెట్టించే కథ, కథకుడి పేరు విని వెళ్లే కథ కూడా అయింది. దేవుడి కోసం వచ్చే శ్రోతకు తోడుగా కళాకారుడి కోసం వచ్చే శ్రోత తయారయ్యాడు.

ఉద్యమ వేదికలు, ధూంధాం

ఒగ్గుకథ బాణీల బలాన్ని ఉద్యమాలు ముందే గుర్తించాయి. 1972లో మొదలైన జన నాట్య మండలి ఒగ్గుకథ, బుర్రకథ వంటి రూపాలను కొత్త వస్తువుతో నింపింది. ఆ మండలి గాయకుడు గద్దర్ పాట వినడానికి గని కార్మికులు లారీలెక్కి వెళ్లిన కాలం అది. దండేపల్లి మండలం లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య (1955–2016) మంచిర్యాల ప్రాంతం ఆ ఉద్యమాలకు ఇచ్చిన గొప్ప పాటల రచయిత.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో భాగంగా 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ధూంధాం ఈ అభిమానాన్ని మరో మెట్టు ఎక్కించింది. రసమయి బాలకిషన్ తదితరులు నడిపిన ఆ వేదిక మీద ఒకరి పాటలోంచి మరొకరు పాట అందుకుంటూ, డప్పు, డోలు దరువులతో రాత్రంతా ఆట సాగేది. పాట ఎంత సేపు సాగాలో జనం ఊపే నిర్ణయించేది. ఒక ఊళ్లో ధూంధాం చూసినవారే తర్వాతి ఊరికీ వెళ్లేవారు. ఒగ్గు డోలు ఆ వేదికల మీద విడి కళగా కూడా వెలిగింది. రాష్ట్రం ఏర్పడ్డాక ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథిని నెలకొల్పి 550 మంది కళాకారులను తీసుకుంది.

కాసెట్టు నుంచి ఫోను దాకా

1980ల తర్వాత ఒగ్గుకథ కాసెట్ల రూపంలో జాతర దుకాణాలకు చేరింది. టేపు రికార్డరు ఉన్న ఇల్లు వాడకట్టుకు శ్రవణశాల అయింది. తర్వాత సీడీలు, ఇప్పుడు యూట్యూబు. రికార్డు కథకుడి పేరును దూరాలకు మోసింది. అదే సమయంలో ఒక రాత్రి చెప్పిన పాఠాన్నే అందరూ ప్రమాణంగా తీసుకునే ఇబ్బందినీ తెచ్చింది. అసలైన అభిమానులు మాత్రం రికార్డును జ్ఞాపకానికే వాడుకుంటారు, కథ కోసం వాకిలికే వస్తారు.

ప్రపంచంలో ఇలాంటివి

ఇలాంటి అభిమానం మరో రూపంలో అమెరికాలో పుట్టింది. కాలిఫోర్నియాలో 1965లో ఏర్పడిన గ్రేట్‌ఫుల్ డెడ్ అనే సంగీత బృందం 30 ఏళ్లలో సుమారు 2,300 కచేరీలు చేసింది. ఒక రాత్రి వాయించిన వరస మరో రాత్రి వాయించేవారు కారు, ఒక్కో పాటను అప్పటికప్పుడు కొత్తగా సాగదీసేవారు. డెడ్‌హెడ్స్ అనే అభిమానులు ఊరి నుంచి ఊరికి వారి వెంట తిరిగారు, కచేరీలను రికార్డు చేసి ఉచితంగా ఇచ్చిపుచ్చుకున్నారు. 1984లో బృందమే రికార్డు చేసుకునేవారికి విడిగా చోటు కేటాయించింది. 1995లో గిటారిస్టు జెర్రీ గార్సియా మరణంతో ఆ బృందం ప్రస్థానం ముగిసింది. అక్కడ టికెట్టు, ఇక్కడ మొక్కు. అక్కడ కచేరీ, ఇక్కడ దేవుడి పెళ్లి. రెండు చోట్లా జనాన్ని కదిలించింది మాత్రం అప్పటికప్పుడు పుట్టే కళే.

ప్రస్తుత స్థితి

రాత్రంతా సాగే కథలు తగ్గాయి, గంటా రెండు గంటల వేదిక ప్రదర్శనలు పెరిగాయి. ఒగ్గు డోలు విన్యాసం ఊరేగింపుల్లో, ప్రభుత్వ ఉత్సవాల్లో తప్పనిసరి అంశమైంది. కథ చెప్పడం నేర్చుకునే యువకుల కంటే డోలు కొట్టడం నేర్చుకునేవారు ఎక్కువగా కనిపిస్తున్నారు. వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయ జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఇటువంటి కళారూపాల అధ్యయనానికి కేంద్రంగా ఉంది.

కళాకారులకు పింఛన్లు, పురస్కారాలు అవసరమే. అంతకంటే ముందు కావలసింది తెల్లారేదాకా కూర్చుని వినే శ్రోతలు. ఒగ్గుకథ పుస్తకంలో రాసుకున్న పాఠం కాదు, వినేవారి ఎదుటే తయారయ్యే కళ కాబట్టి దాన్ని కాపాడవలసిన బాధ్యతలో సగం శ్రోతలదే.