పందెం మారితే మందు మారింది

పిస్టల్ పోటీలకు తూటాలను ఇంట్లోనే కూర్చుకోవడం అమెరికాలో నూటపాతికేళ్లు దాటిన అలవాటు. పేల్చిన తూటా నుంచి మిగిలిన ఇత్తడి గుల్లను ఏరుకొస్తారు. దాన్ని మళ్లీ కొలతకు తెచ్చి, అడుగున కొత్త ప్రైమర్ (మందును రగిల్చే చిన్న మూత) బిగిస్తారు. లోపల మందు పోసి, మూతి దగ్గర బుల్లెట్ కూర్చోబెడతారు. పని ఇంతే. కానీ ఏ మందు పోయాలన్న ప్రశ్నకు ఏ రెండు తరాలూ ఒకే జవాబు చెప్పలేదు. ఆ జవాబులను వరసగా పేర్చి చూస్తే ఒక సంగతి తేలుతుంది. మందును ఎంచింది షూటర్ అనుకుంటాం గాని, నిజానికి ఎంచింది పోటీ నియమావళి.

మొదట్లో ఎంచుకోవడానికి ఏమీ లేదు. సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 కలిపిన తుపాకిమందు ఒక్కటే ఉండేది. 1873 నాటి .45 కోల్ట్ తూటాలో అది 40 గ్రెయిన్లు పట్టేది (గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు). గుల్ల నిండా పోసి, ఖాళీ లేకుండా బుల్లెట్‌తో అదమాలి. తూకంతో పని లేదు, గుల్లే కొలపాత్ర. 1884లో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ కంపెనీ పటకారు ఆకారంలో ఉన్న చేతి పనిముట్లు అమ్మింది. ఇత్తడి ఖరీదైనది కాబట్టి గుల్లను మళ్లీ వాడటమే ఆనాటి లాభం.

అదే 1884లో ఫ్రాన్స్‌లో పోల్ వియే పొగరాని మందు తయారుచేశాడు. కొద్ది మందుతోనే పూర్వం కంటే ఎక్కువ వాయువు పుట్టింది. 1898లో లాఫ్లిన్ అండ్ రాండ్ కంపెనీ పిస్టళ్ల కోసమే ‘బుల్స్‌ఐ’ అనే మందు విడుదల చేసింది. పిస్టల్ గొట్టం పొడవు నాలుగైదు అంగుళాలే. బుల్లెట్ ఆ కాస్త దూరం దాటేలోపే మందు కాలిపోవాలి. నైట్రోగ్లిజరిన్ కలిసిన ఈ సన్నటి మందుకు ఆ వేగం ఉంది. తయారీ కంపెనీల పేర్లు లాఫ్లిన్ నుంచి హెర్క్యులీస్‌కూ, అక్కణ్నుంచి అలయంట్‌కూ మారినా, శతాబ్దం దాటిన తర్వాత కూడా అదే పేరుతో అది అమ్మకంలో నిలిచింది.

దానికి పట్టం కట్టింది కాగితపు లక్ష్యాలే. ఒహాయోలోని క్యాంప్ పెర్రీలో 1907 నుంచి జాతీయ పోటీలు జరుగుతున్నాయి. అక్కడ స్థిరపడిన పిస్టల్ పోటీలో ఒంటి చేత్తో నిలబడి, 25, 50 గజాల దూరంలోని వలయాలను కొట్టాలి. .22, సెంటర్‌ఫైర్ (అడుగు నడుమ ప్రైమర్ ఉండే తూటా), .45 మూడు విభాగాలూ కలిపి 2,700 పాయింట్లు. బుల్లెట్ ఎంత బలంగా తగిలిందని అడిగేవారు లేరు, రంధ్రం ఎక్కడ పడిందన్నదే లెక్క. కాబట్టి షూటర్లు బలాన్ని తగ్గించుకుంటూ పోయారు. .38 స్పెషల్‌లో ముక్కు చదునుగా ఉండే 148 గ్రెయిన్ల ‘వాడ్‌కట్టర్’ బుల్లెట్ వాడారు. కాగితాన్ని గుండ్రంగా కోసి పెట్టడం వల్ల స్కోరు తగాదాలు తగ్గాయి. దాని వెనక పోసే బుల్స్‌ఐ మూడు గ్రెయిన్లకు లోపే. ఒక పౌను డబ్బాతో 2,300కు పైగా తూటాలు తయారయ్యేవి.

ఈ పొదుపులో ఒక ప్రమాదమూ పొంచి ఉంది. .38 స్పెషల్ పుట్టింది పాత తుపాకిమందు కోసం, అందుకే దాని గుల్ల పెద్దది. అందులో మూడు గ్రెయిన్ల కొత్త మందు అడుగున ఎక్కడో ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి పొర్లదు, కంటికి తెలియదు, పేల్చినప్పుడు మాత్రం తుపాకినే చీల్చగలదు. బుల్లెట్ పెట్టేముందు ప్రతి గుల్లలోకీ దీపం వేసి చూడాలన్న క్రమశిక్షణ ఇక్కడ పుట్టినదే. అచ్చయిన పట్టికలో కనిష్ఠ మోతాదుతో మొదలుపెట్టి, గరిష్ఠాన్ని దాటకూడదన్న నియమం కూడా ఈ చేతిపనిలో అంతే గట్టిది. 1937లో ఫిల్ షార్ప్ హ్యాండ్‌లోడింగ్‌పై పెద్ద గ్రంథం వెలువరించే నాటికి ఇది వడ్రంగంలా నేర్చుకోవాల్సిన పని అయింది.

రెండో ప్రపంచ యుద్ధం దీన్ని జనం పని చేసింది. యుద్ధం ముగిశాక కాన్సస్‌కు చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్ తన జీవితబీమా మీద అప్పు తెచ్చి, ప్రభుత్వం దగ్గర మిగిలిపోయిన రైఫిల్ మందు 50,000 పౌన్లు కొన్నాడు. ఆ వ్యాపారం తర్వాత పిస్టల్ మందులకూ విస్తరించింది. రిచర్డ్ లీ తెచ్చిన లీ లోడర్ అనే చేతి పరికరానికి సుత్తి ఒక్కటుంటే చాలు. గుల్లను కొలతకు తెచ్చే అచ్చులు (డైలు) టంగ్‌స్టన్ కార్బైడ్‌తో వచ్చాక పిస్టల్ గుల్లలకు నూనె రాసే బాధ తప్పింది. అయినా మందుల వరస పెద్దగా మారలేదు, ఎందుకంటే పోటీ మారలేదు.

పోటీ 1976లో మారింది. మిసోరీలోని కొలంబియాలో జెఫ్ కూపర్ నాయకత్వంలో ఐపీఎస్‌సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) ఏర్పడింది. గురి, బలం, వేగం మూడింటినీ కలిపి కొలవాలన్నది దాని సూత్రం. బలానికి ‘పవర్ ఫ్యాక్టర్’ పెట్టారు: బుల్లెట్ బరువును గ్రెయిన్లలోనూ, వేగాన్ని సెకనుకు అడుగుల్లోనూ తీసుకుని, గుణించి, వెయ్యితో భాగించాలి. నడిమి గడిలో పడితే అందరికీ 5 పాయింట్లే. పక్క గడిలో ‘మేజర్’ తూటాకు 4, ‘మైనర్’కు 3. ఆ ఒక్క పాయింటు తేడా మందుల బజారునే తిప్పేసింది.

మేజర్ హద్దు ఒకప్పుడు 175. సైనిక .45 తూటా 230 గ్రెయిన్ల బుల్లెట్‌తో, సుమారు 830 అడుగుల వేగంతో దాన్ని తేలిగ్గా దాటేది. 1980ల్లో రాబ్ లేథమ్, బ్రయన్ ఈనోస్ లాంటి షూటర్లు .38 సూపర్ తూటా వైపు తిరిగారు. 115 గ్రెయిన్ల బుల్లెట్‌తో ఆ హద్దు చేరాలంటే వేగం 1,520 అడుగులు దాటాలి. అంత వేగాన్ని తక్కువ పీడనంతో రాబట్టాలంటే నెమ్మదిగా కాలే మందు, అదీ ఎక్కువగా కావాలి. ఎక్కువ మందు అంటే ఎక్కువ వాయువు. గొట్టం చివర బిగించిన కాంపెన్సేటర్ ఆ వాయువును పైకి మళ్లించి, తుపాకి మూతి ఎగరకుండా అణిచేది. బుల్స్‌ఐ వాడేవారు దుబారా అనుకునేదే ఇక్కడ ఇంధనం. పీడనం గీత దాటినప్పుడు గుల్లలు పగిలి, వేడి వాయువు షూటర్ ముఖాన కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. హద్దులు తర్వాత తగ్గాయి. అమెరికా శాఖ యూఎస్‌పీఎస్‌ఏ 165కు దించింది.

కొలిచే సాధనం కూడా కథలో పాత్రధారే. తొలినాళ్ల పోటీల్లో బలాన్ని లోలకాన్ని కొట్టి చూసేవారు. అది 1742లో బెంజమిన్ రాబిన్స్ వివరించిన పద్ధతి. ఎలక్ట్రానిక్ క్రోనోగ్రాఫ్ వచ్చాక దాపరికం పోయింది. తూటాకూ తూటాకూ వేగం ఎంత మారుతోందో ఇంటి పెరట్లోనే తెలిసింది. నిలకడ ఇచ్చే మందుకు గిరాకీ పెరిగింది. ఫిన్లండ్ వారి విహ్‌తావూరి ఎన్320, గుల్లలో ఎటు ఒరిగి ఉన్నా సమంగా కాలేలా రూపొందిన హాడ్జ్‌డన్ టైట్‌గ్రూప్ అలా పేరు తెచ్చుకున్నాయి. మైక్ డిల్లన్ ప్రెస్‌లు, మీట నొక్కినప్పుడల్లా ఒక తూటా చొప్పున గంటకు కొన్ని వందలు దించసాగాయి. దాంతో మందు కొలిచే పరికరంలో సాఫీగా జారే గుణం కూడా మందుకు అర్హత అయింది.

నేడు 9 మిల్లీమీటర్ల మైనర్ విభాగాల్లో హద్దు 125. లోలకం మళ్లీ వెనక్కి ఊగింది. 147 గ్రెయిన్ల బరువైన బుల్లెట్‌కు వెనక, త్వరగా కాలే మందు కాస్త. వాయువు తక్కువ కాబట్టి చేతికి తగిలే దెబ్బా మెత్తన. పక్కనే, కాంపెన్సేటర్ వాడే ఓపెన్ విభాగం షూటర్ ఇందుకు సరిగ్గా విరుద్ధంగా మందు పోస్తుంటాడు. ఇద్దరిదీ సరైన లెక్కే.

మన సంగతి వేరు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయరాదు. పైగా హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పారిస్ ఒలింపిక్స్‌లో పోటీపడిన 25 మీటర్ల పిస్టల్ .22ది. ఆ తూటాలో పేలుడు పదార్థం గుల్ల అంచులోనే ఉంటుంది, మళ్లీ నింపడం కుదరదు. అక్కడ షూటర్లు మందును కాదు, ఫ్యాక్టరీ లాట్ నంబరును పరీక్షించి ఎంచుకుంటారు. ఎంపిక పోలేదు, చోటు మారింది. ఏ మందు గొప్పదని వాదించే ముందు అడగాల్సింది ఒకటే: పాయింట్లు దేనికి ఇస్తున్నారు?