పదమూడు ముక్కలాట: కొల్లేటి సీమ బల్ల నుంచి చేతిఫోను దాకా

గోదావరి డెల్టా పడమటి కొసన ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలకూ కొల్లేటి లంకలకూ మధ్యనున్న నేల, ధవళేశ్వరం ఆనకట్ట తరువాత పంటకాలువల నీటితో వరి పండించి, ఇరవయ్యో శతాబ్దపు చివరి దశాబ్దాలలో చేపల చెరువులుగా మారుతూ వచ్చి, కోతలు ముగిసి సంక్రాంతి వచ్చేనాటికి డబ్బునూ తీరికనూ ఒకేసారి మనిషి చేతిలో పెట్టే నేల కావడం వల్ల, ఇక్కడ పందెపు ఆటలకు ఎన్నడూ కొదవ లేదు. కోడిపందేల బరులను గురించి పత్రికలు ఏటేటా రాస్తూనే ఉన్నాయి గాని, ఏడాది పొడవునా నడిచే బల్ల మీది ఆట చరిత్ర మాత్రం పోలీసు కేసుల వార్తల్లోనే చెదిరిపోయి ఉంది. ఆ చరిత్రలో చివరి ఘట్టం, అంటే పేకాట చేతిఫోనులోకి చేరి భారీ ప్రకటనలతో ఇంటింటికీ వచ్చిన ఘట్టం, దానికి ముందున్న కాలాన్ని తెలుసుకోకుండా అర్థమయ్యేది కాదు.

పేకకు ముందే ఈ ప్రాంతపు ఇళ్లలో పందెంతో పనిలేని ఆటలు విరివిగా ఉండేవి. ఐదు గడులకు ఐదు గడులుగా గీసిన పటం మీద నాలుగు గవ్వలు వేసి, అన్నీ వెల్లకిలా పడితే చెమ్మ అని నాలుగూ, అన్నీ బోర్లా పడితే అష్ట అని ఎనిమిదీ లెక్కించే అష్టాచెమ్మా, చింతపిక్కలతో ఆడే వామనగుంటలు, పాములూ నిచ్చెనలూ గల వైకుంఠపాళి, కొన్ని పులులను ఎక్కువ మేకలు చుట్టుముట్టి కదలకుండా చేసే పులిజూదం, మూడు కాయలను ఒక వరుసలోకి తెచ్చే దాడి ఆట తెలుగునాట అంతటా ఉన్నట్టే ఇక్కడా ఉన్నాయి. నేల మీద సుద్దముక్కతో గీసుకుంటే చాలు, పటం సిద్ధమయ్యేది. ఈ ఆటలను నడిపించి లాభం తీసేవాడు ఎవడూ లేడు కనుక వాటిని గురించి ప్రకటించవలసిన అవసరమూ ఎవరికీ కలగలేదు. ఇంత చిన్న విషయం బల్లాటల చరిత్ర మొత్తానికీ కీలకమని గుర్తించాలి.

పదమూడు ముక్కలాట, అంటే రమ్మీ, వీటితో పోలిస్తే కొత్తది. ఒక్కొక్కరికి పదమూడు ముక్కలు పంచి, చేతిలోని ముక్కలను ఒకే రంగులో వరుసగా గాని, ఒకే అంకె గల జట్టుగా గాని కూర్చి, అందులో కనీసం ఒక వరుస జోకరు సాయం లేకుండా కుదిరేలా చూసుకొని, ఎదుటివారు ఏ ముక్క పారేశారో, ఏ ముక్క ఎత్తుకున్నారో గుర్తుపెట్టుకుంటూ అందరికన్నా ముందు షో చేయడం ఇందులోని పని. తోటి ఆటగాళ్ల ముఖాలు, అలవాట్లు, అప్పు తీర్చే తీరు తెలిసినవారి మధ్యనే ఈ ఆట బాగా సాగుతుంది. పట్టణపు క్లబ్బుల్లో, పెళ్లింటి విడిదిలో, పండగకు ఊరు చేరిన బంధువుల మధ్య అది కుదురుకున్నది ఇందువల్లనే. ఆ బల్ల చుట్టూ కూడా సంసారాలు చితికిన మాట వాస్తవమే. అయినా ఎవరు ఎంత పోగొట్టుకున్నారో బల్ల దగ్గరున్న అందరికీ తెలిసేది, ముక్కలు పంచడం ఆపే మనిషి ఎదురుగా ఉండేవాడు.

చట్టం ఈ ఆటను చూసిన తీరు తెలుగునాట ఒక ప్రత్యేక చరిత్రను మిగిల్చింది. కోస్తాలో 1930 నాటి మద్రాసు జూద నిరోధక చట్టమూ, నిజాం ప్రాంతంలో 1305 ఫసలీ, అంటే ఇంచుమించు 1895–96 నాటి హైదరాబాదు చట్టమూ అమలులో ఉండగా, 1963లో సికిందరాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడిచేసి, పందెం కట్టి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య వ్యాజ్యంగా సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు రాస్తూ, మూడు ముక్కలాట వంటిది కేవలం అదృష్టం మీద ఆధారపడుతుందని, రమ్మీలో మాత్రం పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం, దేన్ని ఉంచి దేన్ని వదలాలో తేల్చుకోవడం ఉన్నందువల్ల నైపుణ్యమే ప్రధానమని నిర్ణయించారు. అదే తీర్పులో మరో భాగం ఉంది: వేరే రూపంలో జూదం జరుగుతున్నట్టుగాని, ఆట జరిగే చోటి యజమాని ఆ ఆట నుంచి లాభం పొందుతున్నట్టుగాని సాక్ష్యం ఉంటే అది నేరమే కావచ్చు. క్లబ్బు తన సభ్యుల దగ్గర తీసుకునే చిన్నపాటి రుసుము సౌకర్యాల ఖర్చు కిందికే వస్తుందని భావించినందువల్లనే సికిందరాబాదు క్లబ్బు బయటపడింది. అంటే న్యాయస్థానం కాపాడినది పదమూడు ముక్కలను మాత్రమే కాదు, లాభం తీసే యజమాని లేని ఒక బల్లను.

రెండు ప్రాంతాల చట్టాలను తొలగించి 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. నైపుణ్యపు ఆటలకు అందులోనూ మినహాయింపు ఉండడంతో క్లబ్బు బల్ల నిలిచింది. క్లబ్బు గడప తొక్కని ఆట చేపల చెరువుల గట్లకూ, వాటి మీది మకాంలకూ, అంటే కాపలావాళ్లు ఉండే పాకలకూ చేరి, దాడుల వార్తగా బయటికి వస్తూ వచ్చింది. సంక్రాంతి బరుల పక్కన బొమ్మలు గీసిన గుడ్డ మీద పందెం కాసే గుండాట, మూడు ముక్కలాట ఈ రక్షణ ఏనాడూ పొందలేదు.

ఈ నేపథ్యంలోకి సాఫ్ట్‌వేర్ వచ్చింది. హైదరాబాదులో హెడ్ ఇన్ఫోటెక్ సంస్థ 2006లో ఏస్‌టూత్రీ పేరుతో ఇంటర్నెట్ రమ్మీని ప్రారంభించింది. పదేళ్ల తరువాత, 2016లో మొబైల్ డేటా ధరలు పడిపోయాక అటువంటి ఆటలు తాడేపల్లిగూడెం బజారులోని గుమాస్తా దగ్గరికీ, చెరువు మకాంలోని కాపలాదారు దగ్గరికీ ఒకే రోజున చేరగలిగాయి. వాటి ప్రకటనలు కొత్త ఆటను ప్రకటించలేదు, అందరికీ తెలిసిన ఆటకే మూడు వాగ్దానాలను చేర్చాయి: ఎప్పుడు కావాలంటే అప్పుడు బల్ల సిద్ధంగా ఉంటుందని, ముక్కలను యంత్రం నిష్పక్షపాతంగా కలుపుతుందని, ఇది నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టే చెప్పిందని. మొదటి రెండూ చాలావరకు సాంకేతికంగా సాధ్యమైనవే. మూడో వాగ్దానం మాత్రం 1967 తీర్పులో సగాన్నే చెప్పింది, ఎందుకంటే ప్రతి పందెం నుంచి ఇంత శాతమని వాటా తీసుకునే సంస్థ, ఆ తీర్పులోని రెండో సగం హెచ్చరించిన యజమాని స్థానంలోనే నిలుస్తుంది. ఇక ఎప్పుడూ సిద్ధంగా ఉండే బల్ల అన్న మాటే, ఆట ఆపే మనిషి లేడన్న మాట కూడా. దానిని సౌకర్యంగా చాటడం ఆ ప్రకటనలన్నింటిలోకీ పెద్ద దోషం.

బయటి ప్రపంచంలో బల్లాటల సాఫ్ట్‌వేర్ ప్రకటనలు మరో దారిలో విఫలమయ్యాయి. పాత్రలు ధరించి కథను కలిసి అల్లుకునే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట నాలుగో కూర్పును అమెరికా సంస్థ విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2007లో ప్రకటిస్తూ, దూరదూరాన ఉన్నవారు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నట్టు ఆడుకొనే డిజిటల్ బల్లను కూడా వాగ్దానం చేసింది. ఆ బల్ల పూర్తి రూపంలో రానేలేదు, ప్రయోగదశలో నడిచినది 2012లో మూతపడింది. అదే సంస్థ 2022లో మళ్లీ త్రిమితీయ బల్లను ప్రకటించి, సిజిల్ పేరుతో 2025 ఫిబ్రవరిలో విడుదల చేసి, మరుసటి నెలలోనే దానిని తయారుచేసిన బృందంలో అత్యధికులను తొలగించింది. అక్కడ వాగ్దానం చేసిన యంత్రం నిలదొక్కుకోలేదు. ఇక్కడ యంత్రం చక్కగా తయారైంది, బల్ల చుట్టూ ఉన్న మనుషులు మాత్రం దానిలోకి రాలేదు. రెండింటిలో మనుషులకు ఎక్కువ నష్టం కలిగించింది ఇక్కడి విజయమే.

ప్రభుత్వాలు ఆలస్యంగా మేలుకున్నాయి. తెలంగాణ 2017 జూన్‌లో ఆర్డినెన్సు ద్వారా డబ్బు పందెపు ఆన్‌లైన్ రమ్మీని నిషేధించగా, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆ పని చేసింది. ఈ మూడేళ్లలో అశ్వారావుపేట దగ్గర చట్టవిరుద్ధమైన ఆట, సరిహద్దు దాటి జీలుగుమిల్లి చేరగానే చట్టబద్ధమయ్యేది. 2020 డిసెంబరు నుంచి అమలయ్యేలా ప్రకటనల ప్రమాణాల మండలి, ఇటువంటి ఆటను సంపాదనకు మార్గంగా చూపకూడదని, వ్యసనానికీ ఆర్థిక నష్టానికీ దారితీయవచ్చన్న హెచ్చరిక ప్రకటనలో ఐదో వంతు స్థలంలో ఉండాలని నియమం పెట్టింది. అంతవరకు ఆ ప్రకటనలు ఏమి చూపుతూ వచ్చాయో ఈ నియమమే చెబుతుంది. 2023 అక్టోబరు నుంచి పందెపు సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ పడింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న విచక్షణనే పక్కనపెట్టి, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించి, వాటికి ప్రకటన ఇచ్చినవారికి రెండేళ్ల దాకా జైలునూ 50 లక్షల రూపాయల దాకా జరిమానానూ నిర్దేశించింది.

ఆ చట్టాన్ని సవాలు చేస్తూ కంపెనీలు వేసిన వ్యాజ్యాలను సుప్రీంకోర్టు 2025లో తన దగ్గరికి బదిలీ చేసుకుంది. 1967లో అక్కడే చెప్పిన మాటలో నైపుణ్యపు సగం ఎంత బలమైనదో, లాభం తీసే యజమానిని గురించిన సగం ఎంత బలమైనదో తేల్చవలసిన అవసరం ఆ విధంగా మళ్లీ అక్కడికే చేరింది. డబ్బు లేకుండా ఆడే ఆన్‌లైన్ ఆటలకు కొత్త చట్టం అడ్డు చెప్పదు గనుక అష్టాచెమ్మాకు ఫోనులో చోటుంది. చెరువుగట్టు మీద పందెం కట్టి మూడు ముక్కలు పంచేవారికి మాత్రం 1974 చట్టమే ఇప్పటికీ వర్తిస్తుంది.