ఎండను బట్టి సాగే గంట

జపాన్ మ్యూజియాల్లో పాతకాలపు ‘వాదొకెయి’ గడియారాలను చూసిన పర్యాటకులు వాటిని వింత వస్తువుల్లో జమకడతారు. మధ్యాహ్నం తొమ్మిదితో మొదలైన అంకెలు నాలుగు దాకా దిగి, అర్ధరాత్రి మళ్లీ తొమ్మిది అవుతాయి. కానీ వింత ఆ యంత్రంలో లేదు, సమాన గంటలకు అలవాటుపడిన మన కంటిలో ఉంది. అప్పటి జపాన్‌లో తొలివెలుగు నుంచి మునిమాపు దాకా పగలు ఆరు గంటలు, రాత్రి ఆరు గంటలు. అందుకే పగటి గంట నడివేసవిలో మన రెండున్నర గంటలు దాటేది, చలికాలంలో రెండు గంటల లోపుకు కుదించుకుపోయేది. పగటి పొడవును ఎనిమిది పాళ్లు చేసి రాహుకాలం లెక్కగట్టే మనకు ఇది కొత్త కాదు.

పదహారో శతాబ్దంలో యూరప్ మిషనరీలు తెచ్చిన గడియారం సమాన గంటలే కొట్టేది. జపాన్ పనివాళ్లు తమ రోజును దానికి అప్పగించలేదు, దాన్నే తమ రోజుకు అనువుగా మలిచారు. అటూ ఇటూ ఊగే అడ్డకడ్డీ మీద వరుసగా గాట్లు, గాట్లలో వేలాడే చిన్న బరువులు. బరువును చివరికి జరిపితే ఊపు మందగిస్తుంది, మధ్యకు జరిపితే జోరందుకుంటుంది. తర్వాత పగటికొక కడ్డీ, రాత్రికొక కడ్డీ పెట్టారు. తెల్లవారినా పొద్దుగూకినా యంత్రమే ఒకదాన్ని వదిలి రెండోదాన్ని అందుకునేది. మనిషి పక్షానికోసారి బరువులు సర్దితే సరిపోయేది.

సమాన గంట తెలియకే ఇంత అవస్థ పడ్డారని అనేవారున్నారు. అది నిలిచే మాట కాదు. అక్కడి పంచాంగకర్తలు ఖగోళ గణితానికి సమాన కాలమానాన్నే వాడారు. తనకా హిసాషిగే అనే పనివాడు 1851లో పూర్తిచేసిన ‘మన్నెన్ దొకెయి’ గడియారానికి ఆరు ముఖాలు. ఒకదాని మీద జపాన్ గంటలు, మరొకదాని మీద పాశ్చాత్య గంటలు. జపాన్ ముఖం మీద అంకెల బిళ్లలు రుతువును బట్టి వాటంతటవే దగ్గరవుతాయి, దూరమవుతాయి. రెండు కాలాలూ ఎరిగిన చేతులు చేసిన పని అది. ఈ గడియారాలు ప్రభువుల ఇళ్లకే పరిమితమన్న అభ్యంతరం మాత్రం చాలావరకు నిజం. అయితే ఊరి జనం గంటల మోత విని తెలుసుకున్నదీ ఆ సాగే కాలాన్నే.

1873 జనవరి 1 నుంచి ప్రభుత్వం సమాన గంటలను అమలుచేసింది. రైలుకూ తంతికీ అవి తప్పనిసరి. వాదొకెయి పనితనంలో లోపమేదీ బయటపడి కాదు, అది కొలిచే గంటే రద్దయినందుకు ఆ వృత్తి ఆగిపోయింది. తనకా 1875లో టోక్యోలోని గింజాలో తంతి యంత్రాల పనిశాల తెరిచాడు. తర్వాతి కాలంలో తోషిబాగా ఎదిగిన సంస్థకు మొదలు అదే.